ఈసారి పెట్టె పండగకి ముందే చేరింది

పోయినేడు విదేశంలో ఉన్న మా అక్కావాళ్లకి పంపిన పండగ పార్సిల్, పండగ అయిపోయిన పదకొండో రోజున చేరింది. పెట్టె విప్పుతూ మా మేనకోడలు వీడియో కాల్‌లో అడిగిన మొదటి మాట, "మామయ్యా, ఇది వచ్చే పండగదా?" అని. ఆరేళ్ల పిల్ల. వెక్కిరించడానికి కాదు, నిజంగానే అడిగింది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

అలాగని నేను ఆలస్యం చేశానా అంటే, నా లెక్కలో చెయ్యలేదు. ఆ దేశానికి పండగ పార్సిళ్లు ఇవ్వడానికి తపాలా వాళ్లు ప్రకటించిన ఆఖరి తేదీ నాడే కౌంటర్లో ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఆ తేదీని నేను రైలు టైం లాగా చదివాను, ఆ వేళకి ఎక్కిస్తే చాలు దిగబెట్టేస్తారని. తర్వాత తెలిసింది, అది అన్నీ సవ్యంగా జరిగితే అన్న లెక్క మీద వేసే తేదీ అని. అవతలి దేశం కస్టమ్స్‌లో పెట్టె ఎన్నాళ్లు కూర్చుంటుందో సాధారణంగా అందులో కలపరు. పైగా నేను ఇచ్చింది శుక్రవారం సాయంత్రం. ఆ రోజు బండి అప్పటికే వెళ్లిపోయింది. తర్వాత రెండు రోజులు సెలవు. అంటే నా పెట్టె మొదటి మూడు రోజులూ మా ఊరు దాటలేదు.

ఈసారి పండగ తేదీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కపెట్టాను. అన్నిటికంటే ముందు అక్కకి ఫోన్ చేశాను. మంచిదయింది.

"పండగకి పది రోజుల ముందే మేం ఊరెళ్తున్నాం కదరా. మళ్లీ పండగ రోజుకే వస్తాం."

అంటే పండగకి వారం ముందు చేరినా తలుపు తీసేవాళ్లుండరు. ఎవరూ లేకపోతే పోస్టాఫీసులో కొన్నాళ్లు ఉంచి, ఆ గడువు దాటితే వెనక్కి పంపేస్తారు. కాబట్టి పండగకి రెండు వారాల ముందే చేరాలి. అంతకు ముందు కస్టమ్స్ కోసం ఒక వారం వదిలాను. ప్రయాణానికి పది రోజులన్నారు, కానీ అవి పనిదినాలు, కేలెండర్లో చూస్తే రెండు వారాలు. ఇంక కొనడానికి, కట్టడానికి, ఫారాలు నింపడానికి ఇంకో వారం. మొత్తం కలిపితే ఆరు వారాలు తేలింది. ఇంట్లో చెబితే నవ్వారు, అప్పటికి పండగ ఊసే ఎవరికీ లేదు.

ఓడలో పంపితే చవక అని ఒకరన్నారు. నిజమే, కానీ దానికి వారాలు కాదు, నెలలు పట్టొచ్చు. అది ఎండాకాలంలో ఆలోచించాల్సిన మాట.

కొన్నవన్నీ ఒక పెద్ద అట్టపెట్టెలో పోసి మొదట కొరియర్ దగ్గరికెళ్లాను. తూకం వేస్తే నాలుగు కిలోలు. కౌంటర్లో అబ్బాయి టేపు తీసి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, "పదహారు కిలోలకి కట్టాలండీ" అన్నాడు. మోసం అనుకున్నాను. కాదు. విమానంలో బరువుతో పాటు చోటుకీ లెక్క ఉంటుంది. సెంటీమీటర్లలో మూడు కొలతలూ గుణించి, చాలా కొరియర్లు 5000తో భాగిస్తాయి. నా పెట్టె 50, 40, 40. గుణిస్తే 80,000, భాగిస్తే 16. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. ఇంటికొచ్చి సగం గాలి తీసేసినట్టుగా సర్ది 40, 30, 20 పెట్టెలో పట్టించాను. 4.8 కిలోలకి దిగింది. చివరికి కొరియర్‌లో కాక తపాలాలోనే పంపాను గానీ, చిన్న పెట్టె మాత్రం అలాగే ఉంచాను. లోపల వస్తువులు కదలని పెట్టెలో పగిలేవీ తక్కువే.

అసలు కథ తపాలా కౌంటర్ దగ్గర జరిగింది. అక్కకి సెంటు సీసా, బావకి పవర్ బ్యాంకు, మేనకోడలికి బ్యాటరీ బొమ్మ, పుస్తకాలు, స్వెటర్లు. కౌంటర్లో ఉన్నావిడ జాబితా చూసి రెండు వస్తువుల దగ్గర ఆగింది.

"సెంటు వెళ్లదండీ. ఇదీ వెళ్లదు."

సెంటులో ఉండేది చాలావరకు ఆల్కహాల్, మంట అంటుకునే సరుకు. విమానంలో వెళ్లే విదేశీ తపాలాలో దాన్ని తీసుకోరు. గోళ్ల రంగూ అంతే. పవర్ బ్యాంకు విడి లిథియం బ్యాటరీ కిందికి వస్తుంది. విడిగా ఉన్న లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వెయ్యడం 2016 ఏప్రిల్ నుంచి నిషేధం. పరికరంలో బిగించి ఉన్న బ్యాటరీనైతే కొన్ని దేశాల తపాలా వాళ్లు పరిమితులతో తీసుకుంటారు, కొందరు అదీ తీసుకోరు. బొమ్మలో వేసేవి మామూలు పెన్సిల్ సెల్స్ కాబట్టి వాటిని తీసి పక్కన పెట్టి, ఉత్త బొమ్మని పంపాను. సెల్స్ ఏ దేశంలోనైనా దొరుకుతాయి కదా. ఇదే పోయినేటిలాగా ఆఖరి రోజున తెలిసుంటే ఏం చేసేవాణ్నో! ఆరు వారాల ముందు కాబట్టి ఇంటికెళ్లి, సెంటు బదులు శాలువా పెట్టి మర్నాడు మళ్లీ వచ్చాను.

ఇక ఫారం. చిన్న ప్యాకెట్లకి సీఎన్ 22, పార్సిళ్లకి సీఎన్ 23 అని కస్టమ్స్ పత్రాలుంటాయి. లోపల ఏముందో రాసే గడిలో నేను ధీమాగా "బహుమతులు" అని రాశాను. ఆవిడ పెన్నుతో కొట్టేసింది. బహుమతి అన్నది ఎందుకు పంపుతున్నామో చెప్పే మాట, దానికి వేరే టిక్కు గడి ఉంది. వస్తువేమిటో విడిగా రాయాలి. "బట్టలు" అన్నా చాలదు. "ఆడవాళ్ల ఉన్ని స్వెటర్, ఒకటి" అని, దాని బరువు, విలువ రాయాలి. వీలైతే హెచ్ఎస్ కోడ్, అంటే వస్తువు ఏ రకమో చెప్పే అంకెల గుర్తు కూడా. ఆరు అంకెల ఆ కోడ్ దాదాపు అన్ని దేశాలకీ ఒకటే. బొమ్మలకి 9503.00, నా పుస్తకాలకి 4901.99. 2021 జనవరి 1 నుంచి సరుకున్న విదేశీ తపాలాకి ఈ వివరాలన్నీ కంప్యూటర్లో ముందే అవతలి దేశానికి వెళ్లాలని నియమం. పెట్టె కంటే ముందు కాగితం చేరుతుందన్నమాట. అక్కడ కాగితం నచ్చకపోతే పెట్టె ఆగుతుంది. పోయినేడు నేను రాసిన ఒక్క మాట "గిఫ్ట్స్". ఆ పదకొండు రోజుల్లో కొన్ని దాని పుణ్యమేనని నా అనుమానం.

విలువ తక్కువ రాయమని సలహాలిచ్చేవాళ్లుంటారు. నేను రాయలేదు. బహుమతి అయినంత మాత్రాన సుంకం ఉండదని కాదు, ప్రతి దేశానికీ ఒక హద్దుంటుంది, అది దాటితే కట్టాల్సింది అందుకునేవాళ్లే. అక్కావాళ్ల దేశంలో హద్దెంతో ముందే కనుక్కుని దాని లోపలే కొన్నాను. తప్పు విలువ రాస్తే పెట్టె ఆగడం ఒక ఇబ్బంది, పోతే వచ్చే పరిహారం కూడా ఆ రాసిన విలువను మించదు.

ఇంకొకటి, రంగు కాగితాలు చుట్టి పంపలేదు. కస్టమ్స్‌లో అనుమానం వస్తే చింపి చూస్తారు. కాగితం మడతపెట్టి పైన పెట్టాను, చుట్టే పని బావకి అప్పజెప్పాను. పెట్టె లోపల కూడా ఒక చిరునామా చీటీ వేశాను, పైది ఊడిపోయినా దారి తెలియడానికి. టేపు మధ్య అతుకు మీద, రెండు పక్క అంచుల మీద వేసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. చప్పుడు రాలేదు.

తర్వాత ట్రాకింగ్. పదమూడు అక్షరాల నంబరు. ముందు రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర దేశం గుర్తు రెండక్షరాలు. అక్కకి పంపేటప్పుడు ఒక అంకె తప్పు కొట్టాను, తను దాంతో వెతికితే సైటు వెంటనే చెల్లదంది. తొమ్మిదో అంకె ముందున్న ఎనిమిదింటిని బట్టి లెక్కగట్టేదట, అందుకే దొరికిపోయాను. పెట్టె కస్టమ్స్ దగ్గర ఐదు రోజులు కదల్లేదు. రోజుకి పదిసార్లు చూశాను, వారం వదిలిపెట్టుకున్నానని తెలిసి కూడా టెన్షన్ తగ్గలేదు. ఆరో రోజు కదిలింది. పండగకి పదహారు రోజుల ముందు అక్క ఫోటో పంపింది. పెట్టె ఒక మూల నొక్కుకుపోయింది, లోపల అన్నీ బాగున్నాయి. పండగ దాకా విప్పొద్దని చెబితే మేనకోడలు రోజూ దాని మీద కూర్చుంటోందట.

ఈ సంబరంలో దేశంలోనే ఉన్న బాబాయికి పంపాల్సిన పెట్టె మర్చిపోయాను. దగ్గరే కదా అని పండగకి నాలుగు రోజుల ముందు పంపాను. పండగ మర్నాడు ఫోన్ చేశాడు.

"ఏరా, పెట్టె మీద నా పేరుంది, వీధి పేరుంది. ఫ్లాట్ నంబరేదిరా? కింద వాచ్‌మన్ దగ్గర రెండు రోజుల్నుంచీ ఉందట."