నలభై తొమ్మిది మీటర్ల గోడ

ఆంగ్కోర్ గుళ్లు చూడడానికి ఒక రోజు టికెట్టు 37 డాలర్లు, మూడు రోజులది 62. కంబోడియాలోని సియెమ్ రీప్‌లో దిగిన సాయంత్రమే ఈ లెక్క దగ్గర నాకూ రమకూ పట్టింపు వచ్చింది. మూడు రోజులది తీసుకుందామని రమ. మర్నాడు కాక ఆ పైరోజు టోన్లే సాప్ సరస్సుకు వెళ్తాం, ఆ తరువాత తిరుగు ప్రయాణం, వాడుకోని రోజులకు డబ్బు ఎందుకని నేను. మనిషికి 25 డాలర్లంటే రెండు వేల రూపాయల పైమాటే. చివరికి నా మాటే నెగ్గింది. కౌంటరులో ఫొటో తీసి, మా ముఖాలు అచ్చువేసిన టికెట్లు చేతికిచ్చారు. ఆ ఒక్క రోజులో ఏదీ వదలకూడదని రమ రాత్రే కాగితం మీద తొమ్మిది గుళ్ల పేర్లు రాసుకుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు టుక్‌టుక్ ఎక్కాం. చీకట్లో ఆంగ్కోర్ వాట్ గుడి కందకం దాటుతుంటే నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో, ఎక్కడ ఆగాయో తెలియలేదు. ఆ కందకం వెడల్పు 190 మీటర్లట. హనుమకొండలో భద్రకాళి చెరువు గట్టు మీద పెరిగినదాన్ని, నీళ్లను చూడగానే నాకు ప్రాణం కుదుటపడుతుంది. లోపలి కోనేటి దగ్గరకు చేరేసరికి ఆ కుదురు కాస్తా పోయింది. వందల మంది ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. గంటన్నర నిలబడ్డాం. తూర్పున మబ్బు పట్టి ఆకాశం బూడిద రంగుకు తిరిగింది తప్ప సూర్యుడు కనిపించలేదు. నిద్ర మాని వచ్చినందుకు నాకు ఒళ్లు మండింది.

రమ అప్పటికే బకాన్ అంటూ లాగుతోంది. బకాన్ అంటే నడిమి గోపురాల అంతస్తు. నిచ్చెనలాంటి నిటారు మెట్లు, కింద పొడవాటి వరుస. నా మోకాళ్లు ఒప్పుకోవన్నాను. "ఇంత దూరం వచ్చి పైకి ఎక్కవా?" అంది. "నువ్వు ఎక్కి రా, నేను కింద తిరుగుతాను" అన్నాను. ముప్పై ఏళ్ల స్నేహంలో మేము అంత పొడిగా మాట్లాడుకున్నది తక్కువ.

ఒంటరిగా దక్షిణపు వసారా వెంట నడిచాను. గొడుగుల కింద సూర్యవర్మ మహారాజు కొలువు, ఆ తరువాత దున్నపోతు మీద ఎన్నో చేతుల యముడు. 12వ శతాబ్దంలో ఈ గుడిని విష్ణువు కోసం కట్టించినవాడు ఈ రెండో సూర్యవర్మే. చేతికి అందేంత ఎత్తులో రాయి, శతాబ్దాలుగా తాకిన అరచేతులకు నల్లగా నిగనిగలాడుతోంది. మూల తిరిగి తూర్పు వసారాలోకి వచ్చాక కాళ్లు ఇక కదలలేదు. స్తంభం మొదట్లో కూర్చుండిపోయాను.

ఎదురుగా క్షీరసాగర మథనం. దాదాపు 49 మీటర్ల పొడవునా ఒకటే పాము. ఎడమ వైపు 92 మంది అసురులు, గుండ్రటి కళ్లు, తలల మీద శిరస్త్రాణాలు. కుడి వైపు 88 మంది దేవతలు. మధ్యలో మందర పర్వతం, దాని కింద కూర్మం, ముందు విష్ణువు. అడుగున సముద్రంలో చేపలు, మొసళ్లు, కవ్వం దగ్గరకు వచ్చేకొద్దీ రెండుగా తెగిపోతున్నాయి. పైన అప్సరసలు ఎగురుతున్నారు. అప్పుడే మబ్బు విడిచినట్టుంది, కోనేటి దగ్గర కనిపించని సూర్యుడు నా వెనక నుంచి వసారాలోకి వచ్చాడు. స్తంభాల నీడలు గోడ మీద పడి, పాము నిజంగానే అటూ ఇటూ కదులుతున్నట్టు అనిపించింది.

మా నాయనమ్మ ఏటా కార్తీక మాసంలో క్షీరాబ్ది ద్వాదశి నాడు తులసి కోటలో ఉసిరి కొమ్మ నాటి, దీపాలు పెట్టి, ఈ కథ చెప్పేది. చెరుకు గడ చేతికిచ్చి "చిలకండే, అమృతం రావాలి" అనేది. ఇక్కడికి వచ్చింది కూడా కార్తీకంలోనే. ఆమె నోట విన్న కథ, ఆమె పేరైనా వినని దేశంలో గోడ నిండా ఉంది. నాయనమ్మ పోయి ఇరవై రెండేళ్లు. అక్కడ కూర్చుని ఏడ్చాను.

తెల్ల బట్టలు కట్టుకున్న ఒక ముసలమ్మ, తల నున్నగా గొరిగించుకుని ఉంది, ఇద్దరు పిల్లలతో వచ్చి గోడ ముందు ఆగింది. నడుమనున్న విగ్రహం వైపు వేలు చూపి పిల్లలకు ఏదో చెబుతోంది. అందులో "నొరియాయ్" అనే మాట నాకు స్పష్టంగా వినిపించింది. నేను అప్రయత్నంగా "నారాయణ" అన్నాను. ఆమె నా వైపు తిరిగి, నా తడి కళ్లు చూసి, "నొరియాయ్, నొరియాయ్" అంటూ తల ఊపింది. చేతులు జోడించింది. నేనూ జోడించాను. బుద్ధుడికి మొక్కే ఆమెకూ నాకూ ఆ ఒక్క మాట తప్ప ఉమ్మడి మాట లేదు.

దేవతల వరుస చివర పాము తోక పట్టుకున్నది ఒక వానరం. మన కథలో అక్కడ వానరం ఎక్కడిది? నాయనమ్మ ఉంటే గట్టిగా వాదించేది.

గంటంబావు తరువాత రమ చెమటలు కారుస్తూ వచ్చింది. గోడ వైపు ఒకసారి చూసి, ఫోటో తీసి, కాగితం మీద గీత కొట్టింది. మిగిలిన రోజంతా గీతలే. పాత రాజధాని ఆంగ్కోర్ థామ్ దక్షిణ ద్వారం దగ్గర కూడా అటు 54 మంది, ఇటు 54 మంది పామును పట్టుకుని ఉన్నారు, బండి ఆపకుండా దాటాం. బేయాన్‌లో రాతి ముఖాలు, ఎండ, గొడుగులు. తా ప్రోమ్‌లో చెట్టు వేరు ముందు ఫొటో కోసం ఇరవై నిమిషాల వరుస. మన పురావస్తు శాఖ వాళ్లు ఏళ్ల తరబడి బాగు చేస్తూ వచ్చిన గుడి అది, రాళ్లను తిరిగి పేర్చిన తీరు నిదానంగా చూడాలని నాకు ఉంది, కానీ వెనకవాళ్లు తోస్తున్నారు. భోజనం దగ్గర మరో ఇబ్బంది. రమ కార్తీకంలో నీచు ముట్టదు, అక్కడ కూరగాయల్లోనూ చేపల రసం పోస్తారు. చేతులతో సైగలు చేసి చెబితే, వెల్లుల్లి వేసి వేయించిన తూటికూర, తెల్లన్నం తెచ్చారు. మన చెరువుల్లో పెరిగే తూటికూరే. ఇద్దరికీ పదకొండు డాలర్లు. ఊళ్లో అయితే అందులో సగం కూడా కాదు.

నాలుగు గంటలకు బకెంగ్ కొండ కింద బండి ఆగింది. సూర్యాస్తమయానికి పైకి 300 మందినే ఒక్కసారి వదులుతారు, వరుస అప్పటికే మలుపు తిరిగింది. రమ కాగితంలో మిగిలిన ఆఖరి పేరు అదే. దిగబోయి, మళ్లీ కూర్చుంది.

"పొద్దున ఎందుకు ఏడ్చావు?" అంది.

చూసిందన్నమాట. నాయనమ్మ సంగతి, చెరుకు గడ సంగతి, తెల్ల బట్టల ముసలమ్మ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత డ్రైవరు భుజం తట్టి, "ఆంగ్కోర్ వాట్" అంది.

సాయంత్రం తూర్పు వసారా దాదాపు ఖాళీగా ఉంది. వెలుతురు తగ్గి బొమ్మలన్నీ ఒకే రంగులో కలిసిపోయాయి. రమ చెప్పులు విడిచి ఎడమ చివర నుంచి వేలు గాలిలో ఆడిస్తూ అసురులను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో ముఖం దగ్గరా ఆగుతోంది. "ఇతను అలసిపోయాడు చూడు" అంది ఒకచోట. యాభై ఆరు దగ్గర ఉండగా కాపలాదారు వచ్చి చేతి గడియారం చూపించాడు.

"రేపు పొద్దున్నే వచ్చి ఇక్కడి నుంచే మొదలుపెడదాం" అంది రమ, వేలు దించకుండా.

రేపటికి మా దగ్గర టికెట్టు లేదు.