పరిచర్య నేర్చుకుంటున్నవారితో ఒక శనివారం

నర్సాపురం దగ్గరి మా సహవాసంలో, ఇటీవల బాప్తిస్మం పొందినవారికి శనివారం సాయంత్రం తరగతి జరుపుతున్నాము. ఈరోజు రొయ్యల చెరువు మీద పనిచేసే తమ్ముడు సాయంత్రపు మేత వేసి, స్నానం చేసి, తల ఆరకుండానే సైకిలు మీద వచ్చాడు. రొయ్యల షెడ్డులో పనిచేసే చెల్లెళ్ళిద్దరూ పని దిగి నేరుగా వచ్చారు. వారి వెనుక కూర్చున్న పెద్దమ్మ గారు మాత్రం పాఠం జరిగినంతసేపూ లేసు అల్లుతూనే విన్నారు.

నేటి పాఠం బైబిలులో అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలోని అపొల్లో అనే బోధకుని సంగతి. అతడు విద్వాంసుడు, లేఖనాలలో ప్రవీణుడు, ఆత్మయందు తీవ్రత గలవాడు; అయినా అతనికి తెలిసింది యేసుకు ముందు వచ్చిన యోహాను ఇచ్చిన బాప్తిస్మం వరకే కనుక, డేరాలు కుట్టే వృత్తిలో ఉన్న అకుల, ప్రిస్కిల్ల దంపతులు అతనిని చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత స్పష్టంగా విశదపరచారు. "అంత బాగా మాట్లాడేవాడికి మళ్ళీ నేర్పించడం దేనికి అన్నయ్యా?" అని చెరువు తమ్ముడు అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా పెద్దమ్మ గారు సూది ఆపి, "నలుగురిలో తప్పు పట్టకుండా దగ్గరకు తీసి చెప్పారు చూడు నాయనా, నేర్పించడమంటే అదే" అన్నారు. ఆ మాట తరువాత నేను చెప్పవలసింది పెద్దగా మిగలలేదు.

మన గోదావరి ఊళ్ళలో నన్ను బాధపెడుతున్న విషయం ఇదే. చక్కని గొంతు, తడుముకోని మాట ఉన్న కుర్రవాడు రక్షణ పొందాడని తెలిస్తే చాలు, నెల తిరగకముందే చేతికి మైకు ఇస్తాము, ఫ్లెక్సీ మీద ఫోటో వేస్తాము. వాక్యంలో వేరు తన్నకముందే అతడు వేరే రేకుల షెడ్డు వేసుకొని సంఘం మొదలుపెడితే ఆశ్చర్యపోతాము. అధ్యక్షుడు, అంటే సంఘాన్ని నడిపించే పెద్ద, కొత్తగా చేరినవాడై ఉండకూడదనీ, గర్వంలో పడతాడనీ అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి వ్రాసింది ఇందుకే. అలాగని నెత్తి నెరిసేదాకా ఎవరికీ ఏ పనీ అప్పగించకుండా, పెత్తనమంతా తమ దగ్గరే ఉంచుకొనే పెద్దల తీరు కూడా నాకు సమ్మతం కాదు. తన దగ్గర విన్నవాటిని ఇతరులకు బోధించగల నమ్మకమైనవారికి అప్పగించమని అదే పౌలు ఆజ్ఞాపించాడు కదా! 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట ఇంగ్లండు నుండి బయలుదేరి, ఈ డెల్టాలో సువార్త పని ప్రారంభించిన బౌడెన్, బీర్ దొరలలో ఒకరు తాపీ పనివారు, మరొకరు చెప్పులు కుట్టేవారు. ఆ సంగతి చెప్పినప్పుడు షెడ్డు చెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తరగతి అయ్యాక, పక్షవాతంతో మంచాన పడిన ఒక అవ్వను పరామర్శించడానికి తమ్ముడిని వెంట తీసుకొని వెళ్ళాను. ముందు కుశలం అడగాలి, ఆమె చెప్పేది పూర్తిగా వినాలి, వాక్యం కొద్దిగా చదవాలి, మందులు మానమని ఎన్నడూ చెప్పకూడదు, స్వస్థతకు గడువు పెట్టకూడదు అని దారిలోనే చెప్పాను. అతడు 23వ కీర్తన చదువుతూ "గాఢాంధకారపు" అనే మాట దగ్గర ఆగిపోయాడు. చదువు రాని ఆ అవ్వ, వంకరపోయిన పెదవులతోనే ఆ మాటను అందించి, మిగిలినది కూడా అతనితో కలిసి చెప్పింది. అతడు సిగ్గుపడలేదు, ఆమె వేగానికి తన గొంతును తగ్గించుకొని చివరి వరకూ కలిసి చదివాడు. ప్రార్థన ముగిసి లేస్తుండగా కిటికీలో ఖాళీ మాత్రల అట్ట కనబడితే, కోడలిని అడిగి దానిని జేబులో పెట్టుకొని మందుల షాపుకు వెళ్ళాడు. ఆ పని అతనికి నేను చెప్పలేదు. యెరూషలేములోని తొలి సంఘం పరిచర్యకు ఏడుగురిని మొదట ఏర్పరచుకున్నది విధవరాండ్రకు ఆహారం సక్రమంగా అందేలా చూడడానికే. అందుకే అతని ప్రసంగం ఎలా ఉంటుందోనన్న చింత ఈ రాత్రి నాకు లేదు.

రేపటి ఆరాధనలో అతడు వాక్యభాగం చదువుతాడు. ప్రసంగం ఇప్పుడే వద్దని పెద్దలందరం అనుకున్నాము. కానుకల లెక్కకు షెడ్డు చెల్లెళ్ళలో పెద్దమ్మాయి మా కోశాధికారి గారితో కూర్చుంటుంది: ఇద్దరూ కలిసి లెక్కించాలి, అక్కడే పుస్తకంలో వ్రాయాలి, ఇద్దరూ సంతకం చేయాలి. సంఘపు డబ్బు ఒక్కరి చేతిలో ఉండకూడదన్నది ప్రసంగం కంటే ముందు నేర్పించవలసిన పాఠమని నా నమ్మకం. బుధవారం స్త్రీల కూడికలో ప్రార్థన నడిపించే బాధ్యత చిన్నమ్మాయికి ఇస్తామన్నాము. "పెద్దమ్మ గారు పక్కన కూర్చుంటేనే" అని ఆమె షరతు పెట్టింది, ఆవిడ సరేనన్నారు.