వదులైన గడియారం

మంగళవారం, రాత్రి 11 గంటలు

ఆసుపత్రి వార్డులో, నాన్న మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు కానీ నిద్రపోలేదు.

పొద్దున మెట్లు ఎక్కుతూ సగంలో ఆగి గోడ పట్టుకున్నారు. ఎప్పుడూ నాకంటే ముందే పైకి చేరే మనిషి. దగ్గరికి వెళ్లి చెయ్యి అందుకుంటే చేతి గడియారం మణికట్టు దాటి మోచేతి వైపు జారింది. అది వదులైందని నెల కిందటే గమనించాను. గమనించి కూడా ఎందుకని అడగలేదు. రోజంతా నన్ను తొలుస్తున్నది ఇదే.

"గ్యాసేలేమ్మా, మాత్ర వేసుకున్నాను" అన్నారు. రెండు నెలలుగా ఇదే జవాబు. మోకాళ్ల నొప్పికి ఒక మాత్ర, కడుపులో మంటకు ఇంకొకటి. మొదటి మాత్ర జీర్ణాశయం లోపలి పొరను దెబ్బతీస్తుంటే, రెండోది ఆ మంటను కాసేపు అణచిపెట్టింది. అణిగితే తగ్గిందనుకున్నాం.

డాక్టరుగారు కింది రెప్ప లాగి చూశారు. లోపల ఎరుపే లేదు. బరువు తగ్గారా, ముద్ద దిగడం కష్టంగా ఉందా, రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా అని వరసగా అడిగారు. అన్నిటికీ నాన్న తడుముకోకుండా చెప్పారు. "విరేచనం ఏ రంగులో అవుతోంది?" అనేసరికి నా వైపు చూసి తల దించుకున్నారు. నేను లేచి బయటికి వచ్చేశాను.

తలుపు వేశాక చెప్పారట. పది రోజులుగా నల్లగా, తారులా జిగటగా, భరించలేని వాసనతో అవుతోందని. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగా అవుతుంది కాబట్టి డాక్టరుగారు ఆ సంగతీ అడిగారు. నాన్న అవి వాడటం లేదు. అంటే అది రక్తమే. పైన ఎక్కడో కారిన రక్తం పేగుల్లో ప్రయాణించేసరికి నల్లబడిపోతుంది. ఎర్రగా కనిపించదు కాబట్టి రక్తమని మనకు తోచదు. హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. మగవాళ్లకు 13 అయినా ఉండాలి. మెట్ల మీద ఆయాసం ఎందుకో అప్పుడు అర్థమైంది.

పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కనుక ఇవాళే ఎండోస్కోపీ చేశారు. గొంతులో మత్తుమందు చల్లి సన్నని గొట్టం లోపలికి పంపారు. ఇన్నాళ్లూ దేనికి భయపడి వాయిదా వేశారో అది పది నిమిషాల్లో అయిపోయింది. జీర్ణాశయంలో గోరంత పుండు. క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి దాని అంచుల నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. ఫలితానికి వారం పడుతుందట. ఈ వారం ఎలా గడుస్తుందో.

ఇంకో చిన్న ముక్కను పసుపు రంగు పరీక్ష బిళ్లలో పెడితే కాసేపటికి అది గులాబీ రంగుకు తిరిగింది. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉన్నట్టు గుర్తు. కడుపులో పుండ్లు దిగులు వల్లా, యాసిడ్ వల్లా వస్తాయని ఒకప్పుడు వైద్యులే నమ్మేవారు. ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని మరీ చూపించారు. ఆయనకూ రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ వచ్చింది. వాళ్ల పుణ్యమా అని నాన్నకు ఇప్పుడు రెండు వారాల యాంటీబయాటిక్స్ కోర్సు ఉంది. కోర్సు అయ్యాక అది పూర్తిగా పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించాలి. నొప్పి మాత్రలు ఇక ముట్టుకోకూడదు.

ఇది రాస్తుంటే పిన్ని గుర్తొస్తోంది. ఎర్రగా రక్తం పడితే మొలలే అనుకుని ఏడాది దాటేదాకా ఎవరికీ చెప్పలేదు. పెద్దపేగు లోపలి పొర మీద పెరిగే పాలిప్ అనే చిన్న కండ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఆలోపు కనిపెడితే, గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ పరీక్షలోనే తీసేయవచ్చు. పిన్నికి ఆ అవకాశం చాలాకాలం ఉంది, చెప్పుకోవడానికి మనిషే లేదు. తల నొప్పి గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం. నడుము కిందికి వచ్చేసరికి ఇంట్లో అందరికీ నోరు పెగలదు. నాన్న పది రోజులు తలుపు వేసుకుని ఒక్కరే భయపడ్డారు. పక్క గదిలో నేను ఉన్నాను.

ఇప్పుడే నర్సు చార్టు పట్టుకుని వచ్చింది. సాయంత్రం విరేచనం అయిందా, ఏ రంగు అని అడిగింది. నేను లేవబోయాను.

"కూర్చోమ్మా" అన్నారు నాన్న కళ్లు తెరిచి. తర్వాత ఆమెకు చెప్పారు. "ఇంకా నల్లగానే ఉంది. నిన్నటికంటే కాస్త తక్కువ."