రండ్, ముండ్, నాలుంగ్

ఈ మాటలు అన్నందుకే ఒకటో తరగతి పిల్లాణ్ణి చెవి పట్టుకుని లేపాను. పన్నెండేళ్ల కిందటి సంగతి. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు.

మా బడి ఆదిలాబాద్ జిల్లాలో, ఏజెన్సీ అంచున ఉంటుంది. ఊళ్లో తెలుగు ఇళ్లు కొన్ని, మరాఠీ మాట్లాడే ఇళ్లు కొన్ని. కిలోమీటరు దూరంలో గోండు గూడెం, దాని వెనక గుట్ట మీద పది పన్నెండు కోలాం ఇళ్లు, రోడ్డుకు ఇవతల లంబాడా తండా. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. నేను జగిత్యాల వైపు దాన్ని. నాకు వచ్చిందల్లా తెలుగు, అంతంతమాత్రం హిందీ, డీఎడ్‌లో బట్టీ పట్టిన మనోవిజ్ఞాన శాస్త్రం.

ఆ రోజు చింతగింజలు పంచి లెక్కపెట్టమన్నాను. మూలన కూర్చున్న పిల్లాడు ఒక్కో గింజ జరుపుతూ గొణుగుతున్నాడు. "ఉండి, రండ్, ముండ్..." మన దగ్గర ఆ చివరి రెండు మాటలూ కలిపి ఎవరైనా అంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. "ఎవర్ని తిడుతున్నవ్ రా?" అని లేపాను. వాడికి నా ప్రశ్నే అర్థం కాలేదు. ఏడవలేదు కూడా. గుప్పిట్లో గింజలు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఐదో తరగతి అమ్మాయి గుమ్మం దగ్గర్నుంచే అంది: "టీచర్, వాడు తిడతలేడు, లెక్కపెడుతున్నడు. రండ్ అంటే రెండు, ముండ్ అంటే మూడు."

రెండు, రండ్. నాలుగు, నాలుంగ్. ఒకసారి వినిపించాక ఇక వినిపించకుండా ఉండదు. వాడు నేను చెప్పిన పనే చేస్తున్నాడు, తెలుగుకు వరసకు చెల్లెలయ్యే గోండి భాషలో.

మర్నాడు వాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజు ఆ ఐదో తరగతి అమ్మాయిని వెంటబెట్టుకుని గూడేనికి పోయాను. వాళ్ల నాన్న మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. తప్పు నాదని చెప్పాను. ఆయన పెద్దగా ఏమీ అనలేదు. "మీకు మా లెక్క ఎంతదాంక వచ్చు టీచర్?" అని అడిగాడు. వేళ్లు మడుస్తూ నాలుంగ్ దాకా చెప్పి ఆగిపోయాను. లోపల తలుపు వెనక నుంచి సన్నగా వినిపించింది: "సయ్యుంగ్."

అయిదు అన్నమాట. మర్నాడు బడికొచ్చాడు.

అంతకుముందు ఇంకో తప్పు కూడా చేశాను. హాజరు పిలిచేటప్పుడు 'ఆత్రం' అన్న ఇంటిపేరు చూసి, "ఏంటీ, అంత ఆత్రమా?" అని జోకు వేశాను. ఊళ్లో పిల్లలు నవ్వారు, గూడెం పిల్లలు తల దించుకున్నారు. అది ఎన్ని గోండు కుటుంబాల ఇంటిపేరో నాకు తర్వాత తెలిసింది. ఆ జోకు ఇప్పటికీ కొత్తగా వచ్చే టీచర్లు వేస్తుంటారు. నేను పక్కకు తీసుకెళ్లి చెబుతుంటాను.

ట్రైనింగుల్లో 'సమ్మిళిత విద్య' మీద ఒక సెషన్ ఉంటుంది. పీపీటీ, గుంపు చర్చ, చాయ్. విద్యాహక్కు చట్టంలో కూడా పిల్లలకు 'వీలైనంత వరకు' మాతృభాషలోనే బోధించాలని ఉంది. ఆ వీలే ఎప్పుడూ కుదరదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోలామి, కోయ, బంజారా సహా ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు బోధన మొదలుపెట్టారు. నేను చేరేనాటికి మా బీరువాలో దాని తాలూకు ఒక్క వాచకం కూడా లేదు. మార్లవాయి అనే గోండు ఊరికి వెళ్లినప్పుడు ఇంకో సంగతి తెలిసి సిగ్గనిపించింది. 1943లోనే మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ అక్కడ గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేయించాడట. నేను మాత్రం అన్నేళ్ల తర్వాత వచ్చి, అంకెలు చెప్పినందుకు పిల్లాడి చెవి మెలిపెట్టాను.

అందుకే వాచకాల కోసం ఎదురుచూడకుండా పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి గోడకు అంటించాను. నాలుగు గళ్లు. తెలుగు, గోండి, కోలామి, లంబాడి. పిల్లలు చెబుతారు, నేను తెలుగు లిపిలో రాస్తాను, తప్పు రాస్తే వాళ్లు దిద్దుతారు. మొదటి మాట నీళ్లు. గోండిలో ఏర్, లంబాడిలో పాణి. కోలాం పిల్లలు బడి మొత్తానికి ముగ్గురే, నోరు విప్పరు. వారం తర్వాత వాళ్లలో ఒక పాప తనే వచ్చి సుద్దముక్క అడిగి తీసుకుని, గడిలో వేలు పెట్టి "ఈర్" అంది. రాయడం రాదు కాబట్టి నేనే రాశాను, సుద్దముక్క మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. ఏర్, ఈర్, ఏరు, నీరు అని పక్కపక్కన చూశాక, వాచకంలో 'ఏరు' పాఠం వచ్చినప్పుడు నేను అర్థం చెప్పాల్సిన పనే లేకపోయింది.

2017 చివర్లో మాత్రం ఈ చార్టు ఎందుకూ పనికిరాలేదు. ఎస్టీ హోదా మీద ఆదివాసీలకూ లంబాడాలకూ గొడవలు ముదిరి జిల్లా అంతా ఉడికిపోతున్న రోజులు. ఎవరి వాదన వాళ్లకుంది, నేనిక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. కానీ మధ్యాహ్న భోజనం దగ్గర గూడెం పిల్లలు ఒక వరస, తండా పిల్లలు ఒక వరస. ఎవరూ చెప్పకుండానే అలా కూర్చున్నారు. ఐకమత్యం మీద కథ చెప్పాను. ఎవరూ వినలేదు, నిజం చెప్పాలంటే నాకే చప్పగా అనిపించింది. తర్వాత అష్టాచెమ్మా గీశాను. చింతగింజలు వేయాలి, కానీ ఎదుటివాళ్ల భాషలో లెక్కపెడితేనే కాయ జరపాలి. తప్పితే ఆట పోయినట్టే. గోండు పిల్లాడు ఏక్, ది, తీన్ అని, తండా పిల్ల ఉండి, రండ్, ముండ్ అని. మొదట గెలవడానికే నేర్చుకున్నారు. వరసలు కలవడానికి ఇంకా రెండు నెలలు పట్టింది. అది ఆట వల్లో, బయట గొడవ చల్లబడటం వల్లో నేను చెప్పలేను.

2022 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. తల్లిదండ్రులకు అదే కావాలి, నేను కాదనను. నా పిల్లలు చదివిందీ ఇంగ్లిష్ మీడియమే. కాకపోతే గూడెం పిల్లలకు ఆ రెండు పేజీలూ పరాయివే. వాళ్లది గోడ మీదే ఉంది. ఇంగ్లిష్‌తో కలిపి అప్పుడు గళ్లు ఐదయ్యాయి.

ఆరో గడి పోయిన డిసెంబరులో వచ్చింది. పత్తి ఏరడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన కుటుంబంలో పాప, మూడో తరగతి. మా ఊళ్లో మరాఠీ పిల్లలున్నా ఇన్నేళ్లలో వాళ్లకు గడి గీయాలని నాకే తట్టలేదు, తెలుగు వస్తుంది కదా అని వదిలేశాను. ఈసారి పిల్లలే స్కేలు తెచ్చి వంకరగా ఒక గడి గీసి, నీళ్ల బాటిల్ చూపించి ఏమంటారని ఆ పాపను అడిగారు.

"పాణీ," అంది.

తండా పిల్లాడు లేచి నిలబడ్డాడు. "టీచర్, అది మా మాట!"

"మాది," అంది ఆ పాప, బాటిల్ వదలకుండా.