క్వెరీ పని చేస్తోందా, వరుసలో నిలబడి ఉందా?

"అక్కా, డేటాబేస్ స్లో అయింది, ఒకసారి చూస్తారా?" అని మా టీములోని పిల్లలు అడిగినప్పుడల్లా నేను తిరిగి అడిగే ప్రశ్న ఒక్కటే: క్వెరీ, అంటే డేటాబేస్‌కు మనం పంపిన ఆదేశం, పని చేస్తూ ఆలస్యమవుతోందా, లేక పని మొదలే పెట్టకుండా ఎవరికోసమో ఎదురుచూస్తోందా? బయటినుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండింటిలోనూ పేజీ తెరుచుకోదు. మందు మాత్రం వేరు. మొదటిదానికి ప్లాను (క్వెరీని నడపడానికి డేటాబేస్ ఎంచుకున్న దారి), ఇండెక్సులు (త్వరగా వెతకడానికి కట్టుకునే సూచికలు), మెమరీ చూడాలి. రెండోదానికి ఆ క్వెరీని ఎంతసేపు పరిశీలించినా ఏమీ దొరకదు, ఎందుకంటే లోపం దానిలో లేదు, దానికంటే ముందు నిలబడ్డవారిలో ఉంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌తో ఇన్నేళ్లు పని చేశాక చెబుతున్నాను, నేను స్వయంగా ఎదుర్కొన్న పెద్ద అంతరాయాల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకానివే.

అప్పట్లో నేను పని చేసిన ఒక సంస్థలో ఆర్డర్ల టేబుల్‌కు ఒక కొత్త కాలమ్ చేర్చవలసి వచ్చింది. దానికి డిఫాల్ట్ విలువ లేదు, నల్ (ఖాళీ) ఉండవచ్చు; టెస్ట్ సర్వర్లో రెప్పపాటులో అయిపోయిన పని. రాత్రి పదకొండున్నరకు ప్రొడక్షన్‌లో (జనం వాడే అసలు సర్వర్లో) అదే ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఆదేశం) నడిపితే ప్రాంప్ట్ తిరిగి రాలేదు. నిమిషంలోపే ఆర్డర్ల పేజీ ఆగిపోయింది, ఆ తర్వాత ఆ టేబుల్‌తో ఏ సంబంధమూ లేని లాగిన్ పేజీ కూడా ఆగిపోయింది, లాగుల్లో కొత్త కనెక్షన్లకు చోటు లేదన్న ఎర్రర్ వరసగా పడసాగింది. సూపర్‌యూజర్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) కోసం పోస్ట్‌గ్రెస్ విడిగా అట్టేపెట్టే 3 కనెక్షన్లు ఉండబట్టి గానీ, లేకపోతే లోపలికి వెళ్లి చూసే దారి కూడా ఉండేది కాదు.

ఏ సెషన్ (ఒక్కో కనెక్షన్) ఏం చేస్తోందో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీ తెరిచి చూస్తే వెబ్ సెషన్లు పదుల సంఖ్యలో, అన్నింటి వెయిట్_ఈవెంట్_టైప్ గడిలోనూ "లాక్" అనే మాటే ఉంది, అంటే అన్నీ మరొకరి తాళం తెరుచుకోవడం కోసం ఆగాయి. ఎవరికి ఎవరు అడ్డో చెప్పే పీజీ_బ్లాకింగ్_పిడ్స్ అనే ఫంక్షన్‌కు ఒక్కొక్క ప్రాసెస్ నంబరు ఇచ్చి వెనక్కి నడిస్తే, వాటన్నింటి ముందూ నా ఆల్టర్ ఉంది, నా ఆల్టర్ ముందు ఒకే ఒక్క సెషన్ ఉంది. దాని స్థితి "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్", అంటే ట్రాన్సాక్షన్ (కలిపి ముగించవలసిన ఆదేశాల కట్ట) తెరిచి ఊరికే కూర్చుంది, ఆ ట్రాన్సాక్షన్ మొదలైన సమయం సాయంత్రం 5:40. సహోద్యోగి ఒకరు నివేదిక కోసం, ఆటోకమిట్ (ప్రతి ఆదేశం తర్వాత ట్రాన్సాక్షన్‌ను తానే ముగించే సదుపాయం) ఆపి ఉన్న క్లయింట్‌లో ఒక సెలెక్ట్ (డేటాను చదివే క్వెరీ) నడిపి, ఆ విండోను అలాగే తెరిచి ఉంచి ఇంటికి వెళ్లారు. ఆరు గంటలుగా ఎవరికీ అడ్డు రాని ఆ సెషన్, నా ఆల్టర్ వచ్చి దాని వెనుక నిలబడ్డాకే అందరికీ అడ్డమయింది.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే ఒక గ్రంథాలయాన్ని ఊహించుకోండి. చదువుకునేవారు ఎంతమంది వచ్చినా ఒకరికొకరు అడ్డు కారు. గదికి సున్నం వేసే మనిషికి మాత్రం గది పూర్తిగా ఖాళీ కావాలి. లోపల ఒకాయన కునుకు తీస్తుంటే సున్నం వేసే మనిషి గుమ్మంలో ఆగుతాడు. ఆ తర్వాత వచ్చిన పాఠకులు, గదిలో కుర్చీలు దాదాపు అన్నీ ఖాళీగా కనిపిస్తున్నా, అతని వెనుకే నిలబడాలి. వారిని ముందుకు పంపిస్తూ పోతే అతని వంతు ఎప్పటికీ రాదు. సెలెక్ట్ తీసుకునే యాక్సెస్ షేర్ లాక్ ఆ పాఠకుడి వంటిది, చాలా రకాల ఆల్టర్‌లు అడిగే యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ ఆ సున్నం మనిషి వంటిది. సెలెక్ట్ ముగిసినంత మాత్రాన లాక్ వదలదని, ట్రాన్సాక్షన్ ముగిసినప్పుడే వదులుతుందని చాలామంది డెవలపర్లకు ఇటువంటి రాత్రి వచ్చేదాకా తట్టదు. లాగిన్ పేజీ ఎందుకు ఆగిందంటే, ఎదురుచూస్తున్న ప్రతి సెషనూ ఒక కనెక్షన్‌ను పట్టుకుని కూర్చుంది, మ్యాక్స్_కనెక్షన్స్ డిఫాల్ట్ విలువ అయిన 100 దగ్గరే ఉంది.

కాబట్టి మైగ్రేషన్ (టేబుళ్ల నిర్మాణాన్ని మార్చే) స్క్రిప్టు మొదటి పంక్తిలో లాక్_టైమౌట్ పెట్టండి. దాని డిఫాల్ట్ 0, అంటే లాక్ కోసం ఎంతసేపైనా నిలబడి ఉంటుంది. నేను 2 సెకన్లు పెడతాను. ఆలోపు లాక్ దొరకకపోతే ఆల్టర్ ఎర్రర్‌తో విఫలమవుతుంది, టేబుల్‌కు ఏ నష్టమూ జరగదు, వెనుక ఆగినవారు కదులుతారు, కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు. అయిదారుసార్లు విఫలమైతే అప్పుడు వెళ్లి ముందున్నది ఎవరో చూడాలి. అలా చూసినప్పుడు ఆ సెషన్‌ను పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్‌తో ఆపాలని ప్రయత్నించకండి. అది నడుస్తున్న క్వెరీని మాత్రమే రద్దు చేస్తుంది, ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చున్న సెషన్‌లో రద్దు చేయడానికి క్వెరీయే ఉండదు. అక్కడ పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ వాడాలి. క్వెరీ అనే గడిలో కనిపించేది కూడా ఆ సెషన్ చివరగా నడిపిన వాక్యమే, అడ్డుపడుతున్న లాక్ దానికి ముందెప్పుడో నడిచిన వాక్యానిది కావచ్చు.

లాక్ దొరికాక దాన్ని ఎంతసేపు పట్టుకుంటామన్నది మరో విషయం. 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి, స్థిరమైన డిఫాల్ట్ విలువతో కాలమ్ చేర్చినా టేబుల్ మొత్తాన్ని తిరగరాయదు. కానీ టేబుల్‌లోని ప్రతి వరుసకూ (రికార్డుకూ) వేరే విలువ రావలసిన డిఫాల్ట్, ఉదాహరణకు యాదృచ్ఛిక యూయూఐడీ (పొడవైన గుర్తింపు సంఖ్య), ఇస్తే మాత్రం మొత్తం తిరగరాస్తుంది, అంతసేపూ గది తలుపులు మూసే ఉంటాయి. ఫారిన్ కీ (మరో టేబుల్‌లో ఉన్న వరుసనే సూచించాలన్న నియమం) చేర్చేటప్పుడు ముందు నాట్ వ్యాలిడ్ (పాత వరుసలను ఇప్పుడే పరిశీలించవద్దు) అని చేర్చి, తర్వాత విడిగా వ్యాలిడేట్ చేయండి. ఆ రెండో అడుగు పాత వరుసలన్నీ పరిశీలిస్తున్నా రాతపనిని ఆపదు. ఇండెక్స్‌ను రాతపనిని ఆపకుండా కట్టే కన్‌కరెంట్‌లీ అనే మాటతోనే కట్టండి, కానీ దాన్ని ట్రాన్సాక్షన్ లోపల నడపలేమనీ, మధ్యలో విఫలమైతే "ఇన్‌వ్యాలిడ్" అనే ముద్రతో ఒక ఇండెక్స్ మిగిలిపోతుందనీ గుర్తుంచుకోండి. అది క్వెరీలకు పనికిరాదు, రాతల బరువు మాత్రం మోస్తూనే ఉంటుంది. దాన్ని తొలగించి మళ్లీ కట్టాలి.

తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్లు మనుషుల వల్ల వచ్చేవి తక్కువ, కోడ్ వల్ల వచ్చేవి ఎక్కువ. నేను సమీక్షించే కోడ్‌లో తరచుగా కనిపించే వరస ఇది: ట్రాన్సాక్షన్ మొదలవుతుంది, ఆర్డర్ వరుస అప్‌డేట్ అవుతుంది, ఆ తర్వాత పేమెంట్ గేట్‌వేకో ఎస్సెమ్మెస్ సేవకో ఒక హెచ్‌టీటీపీ పిలుపు వెళుతుంది, దాని జవాబు వచ్చాక కమిట్ (మార్పులను ఖాయం చేసి ట్రాన్సాక్షన్‌ను ముగించడం). అవతలి సేవ 30 సెకన్లు పలకకపోతే ఆ 30 సెకన్లూ ఆ వరుస లాక్‌లోనే ఉంటుంది, కనెక్షన్ ఊరికే పడి ఉంటుంది. స్థితిని "పెండింగ్" అని రాసి కమిట్ చేసి, బయటి పిలుపు ముగించి, రెండో చిన్న ట్రాన్సాక్షన్‌లో ఫలితం రాస్తే ఈ బాధ ఉండదు. కోడ్ కొంచెం పెరుగుతుంది, ఆ పెరుగుదల న్యాయమైనదే.

ఇటువంటి ట్రాన్సాక్షన్ల వల్ల కంటికి కనిపించని నష్టం మరొకటి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే పాత వరుసను చెరిపి రాయడం కాదు, కొత్త ప్రతిని రాసి పాతదాన్ని అలాగే ఉంచడం. ఆ పాత ప్రతులను ఊడ్చే పని వాక్యూమ్‌ది. ఏదో ఒక వరుసలో మార్పు రాసి గంటల తరబడి తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ ఒక్కటి ఉన్నా, అది మొదలయ్యాక పాతబడిన ప్రతులను వాక్యూమ్ ముట్టుకోలేదు, అవి ఆ ట్రాన్సాక్షన్ తాకని టేబుళ్లలోవైనా సరే. ఆటోవాక్యూమ్ డిఫాల్ట్ లెక్క కూడా పెద్ద టేబుళ్లకు సరిపోదు: 50 వరుసలు, దానిపైన టేబుల్‌లో 20 శాతం. కోటి వరుసల టేబుల్‌లో 20 లక్షల పాత ప్రతులు పోగయ్యేదాకా ఊడ్చడం మొదలే కాదన్నమాట. అటువంటి టేబుళ్లకు ఆ శాతాన్ని విడిగా 1 లేదా 2కు తగ్గించడం నా అలవాటు.

ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చున్న సెషన్‌ను గడువు దాటాక తెంచేసే ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్ అనే సెట్టింగ్ 2016లో 9.6వ వెర్షన్‌తో వచ్చింది. డిఫాల్ట్‌గా అది పని చేయదు, మనమే పెట్టుకోవాలి. వెబ్ అప్లికేషన్ యూజర్‌కు 30 సెకన్లు, నివేదికలు చూసేవారి యూజర్‌కు 10 నిమిషాలు, ఇలా రోల్ వారీగా వేర్వేరు విలువలు ఇవ్వవచ్చు. దానితోపాటు లాగ్_లాక్_వెయిట్స్ కూడా ఆన్ చేయండి. అప్పుడు ఒక సెకను దాటిన ప్రతి ఎదురుచూపూ, ఎవరి కోసమో కూడా, లాగులో పడుతుంది.

కనెక్షన్లు అయిపోతున్నాయని మ్యాక్స్_కనెక్షన్స్‌ను 500కో 1000కో పెంచడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ప్రతి కనెక్షనూ ఒక పూర్తి ప్రాసెస్. ముందు పీజీబౌన్సర్ (కొద్ది కనెక్షన్లనే చాలామందికి పంచే మధ్యవర్తి) పెట్టండి. అయితే దాన్ని ట్రాన్సాక్షన్ పూలింగ్‌లో (కనెక్షన్‌ను ఒక్క ట్రాన్సాక్షన్ వరకే ఇచ్చి వెనక్కి తీసుకునే పద్ధతిలో) నడిపితే, సెషన్ స్థాయిలో మీరు పెట్టిన సెట్టింగ్ మీ తర్వాత ఆ కనెక్షన్ అందుకున్నవారికి అంటుకోవచ్చు, మీ తర్వాతి ట్రాన్సాక్షన్ మరో కనెక్షన్‌లో పడవచ్చు. అందుకే లాక్_టైమౌట్‌ను కూడా బిగిన్ (ట్రాన్సాక్షన్‌ను మొదలుపెట్టే ఆదేశం) తర్వాత, ఆ ట్రాన్సాక్షన్‌కే పరిమితమయ్యే సెట్ లోకల్‌తోనే ఇవ్వాలి. ట్రాన్సాక్షన్ లోపల నడవని కన్‌కరెంట్‌లీ ఇండెక్సుకు ఇది కుదరదు కనుక, మా మైగ్రేషన్లన్నీ పీజీబౌన్సర్‌ను తప్పించి నేరుగా పోస్ట్‌గ్రెస్ 5432 పోర్టుకే వెళతాయి.