పదకొండు లైన్ల కోడ్, రెండు నెలల తిప్పలు

నేను సరిచేసింది పదకొండు లైన్లే. అవి ప్రాజెక్టులో కలవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది.

నేను రోజూ వాడే ఒక ఓపెన్ సోర్స్ ఎడిటర్‌లో 'స్త్రీ' అని కొట్టి ఒకసారి బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం మొత్తం మాయమయ్యేది. నిజానికి అందులో యూనికోడ్ సంకేతాలు ఆరు ఉంటాయి, చివరి గుడిదీర్ఘం ఒక్కటే పోవాలి. హన్మకొండలో ఇంట్లో కూర్చుని, ఒక ఆదివారం దాన్ని సరిచేసి, ఈ మార్పును కలుపుకోండని ప్రాజెక్టు వాళ్లకు పుల్ రిక్వెస్ట్ పంపాను. నిమిషంలో ప్రాజెక్టు బాట్, అంటే తనంతట తానే తనిఖీ చేసే ప్రోగ్రామ్, జవాబిచ్చింది: కంట్రిబ్యూటర్ అగ్రిమెంట్ (మనం ఇచ్చే కోడ్‌ను వాడుకునే హక్కు ప్రాజెక్టుకు ఇచ్చే ఒప్పందం) మీద సంతకం లేదు.

చదవకుండా ఓకే నొక్కేసేవాడినే. పక్కనే ఉన్న బాపు అడిగాడు. మాది పరకాల దగ్గర ఊరు, ఆయనకు కాగితాలంటే భూమి కాగితాలే.

"పట్టా చేసిస్తున్నవా, కౌలుకిస్తున్నవా?"

"కౌలే బాపు. పట్టా నా పేరు మీదే ఉంటది. నేనూ దున్నుకోవచ్చు. కాకపోతే వాళ్ల దగ్గర్నుంచి మళ్లీ తీసుకోరాదు, పైసలూ రావు."

"గిదేం కౌలురా!"

అసలు చిక్కు ఆ అగ్రిమెంట్ కింది పేరాలో ఉంది. నువ్వు రాసినదాని మీద నీ కంపెనీకి హక్కుంటే, వాళ్ల అనుమతి తీసుకున్నానని నువ్వే హామీ ఇవ్వాలి. నేను పనిచేసేది మడికొండలోని ఒక కంపెనీలో. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. నాది ఆదివారం పని, సొంత ల్యాప్‌టాప్. కానీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూస్తే, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను రాసే ఏ సాఫ్ట్‌వేరైనా కంపెనీదేనని ఉంది. మూడేళ్ల కింద నేనే సంతకం పెట్టాను, చదవకుండా.

హెచ్ఆర్ మేడమ్ మొదటి ప్రశ్న: "దీంట్లో మీకు డబ్బులొస్తాయా?" రావన్నాను. "మరి ఎందుకండీ?" దీనికి మాత్రం సరైన జవాబు చెప్పలేకపోయాను. ఫైలు హైదరాబాద్ వెళ్లింది. ఐదు వారాల తర్వాత ఒక పేజీ లెటర్ వచ్చింది: సొంత సమయం, సొంత మెషీన్, క్లయింట్ పనితో సంబంధం లేనిదైతే అభ్యంతరం లేదు.

లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) వాళ్లకు ఈ గొడవ లేదు కదా, కమిట్ (నమోదు చేసిన కోడ్ మార్పు) చివర 'సైన్డ్ ఆఫ్ బై' అని ఒక లైన్ చాలు కదా అన్నాడు ఒక ఫ్రెండ్. 2004 నుంచి ఉన్న పద్ధతే అది. కానీ ఆ లైన్‌తో చెప్పేదీ, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందనే. అక్కడైనా నాకు ఆ లెటర్ లేకుండా కుదిరేది కాదు.

సంతకం పెట్టాక కూడా బాట్ ఎర్రగానే ఉంది! టెన్షన్‌తో గంట వెతికితే తేలింది: కమిట్‌లో ఆఫీసు మెయిల్ ఐడీ పడింది, సంతకం పెట్టింది సొంత మెయిల్‌తో. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ టూల్ సెట్టింగ్‌లో ఐడీ మార్చి, కమిట్‌ను సవరించి మళ్లీ పుష్ చేస్తే పచ్చ టిక్ వచ్చింది. మరో మూడు రోజులకు మెర్జ్ చేశారు, అంటే ప్రాజెక్టులో కలిపేశారు.

లెటర్ ప్రింట్ తీసి ఇంట్లో పెట్టాను. బాపు దాన్ని మడతపెట్టి, పట్టాపాసుపుస్తకం ఉండే ప్లాస్టిక్ కవర్లోనే దాచాడు.