సూదికి ముందే రక్తం

మస్కట్‌లో నేను పనిచేసే మైక్రోబయాలజీ ల్యాబ్‌కు రాత్రిపూట చాలా శాంపిల్స్ వస్తాయి. అన్నిటికంటే ముందు నా చెయ్యి బ్లడ్ కల్చర్ సీసాల మీదికే పోతుంది, అంటే రక్తంలో క్రిమి ఉంటే పెంచి చూసే సీసాలు. గుండె లోపలి పొరకు, ముఖ్యంగా వాల్వులకు ఇన్ఫెక్షన్ పట్టిందని అనుమానం వస్తే వార్డు నుంచి మూడు సెట్లు పంపుతారు. వేర్వేరు చోట్ల సూది గుచ్చి, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీసిన రక్తం. పెద్దవాళ్లకైతే సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు.

సీసాలో క్రిమి పెరిగితే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అడుగున నీలిపచ్చగా ఉన్న బిళ్ల పసుపుకు తిరుగుతుంది, మెషీన్ మోగుతుంది. చుక్క రక్తం స్లయిడ్ మీద వేసి రంగు పట్టిస్తే, స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి అయితే ఊదారంగు పూసల దండల్లా కనిపిస్తుంది. ఒక్క సీసాలోనే వస్తే చర్మం మీది క్రిమి కలిసిందేమో అనుకోవచ్చు. అన్ని సెట్లలోనూ అదే వస్తే నిద్రపోతున్న డాక్టర్నైనా లేపుతాం.

1994లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ డాక్టర్లు ఈ జబ్బు నిర్ధారణకు పెట్టిన ప్రమాణాలను 2000లో, మళ్లీ 2023లో సవరించారు. అయినా కల్చర్‌కూ, ఎకో అనే గుండె స్కానింగ్‌కూ పెద్దపీట అలాగే ఉంది.

మా ఊరు వింజమూరు దగ్గర. మా అత్తకు చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి మైట్రల్ వాల్వు దెబ్బతింది. నిరుడు సాయంత్రం పూట చలిజ్వరం పట్టుకుంటే ఊళ్లో ఇంజెక్షన్ వేశారు. తగ్గింది. ఆపగానే మళ్లీ వచ్చింది, మళ్లీ వేశారు. నెల్లూరు తీసుకెళ్లి కల్చర్ చేయిస్తే ఏమీ పెరగలేదు.

"రిపోర్టులో ఏం లేదంటరా అబ్బయ్యా" అని మామ ఫోన్‌లో సంతోషపడ్డాడు. నాకు టెన్షన్ మొదలైంది.

"మందు పడ్డాక తీసిన రక్తం మామా, అందులో క్రిమి పెరగకపోవచ్చు. వేసిన ఇంజెక్షన్ల పేర్లన్నీ చీటీ మీద రాసి డాక్టరుకివ్వు. వాల్వు జబ్బు సంగతి చెప్పు. ఇంట్లో గొర్రెలున్నాయని కూడా చెప్పు."

"గొర్రెలకూ గుండెకూ ఏం సంబంధంరా?"

ఉంది. ఇక్కడ ఎడారిలో ఒంటెలు, మేకలు కాసే మనవాళ్లు పచ్చిపాలు తాగి బ్రూసెల్లా అనే క్రిమిని తెచ్చుకుంటారు. అది నిదానంగా పెరుగుతుంది. గాల్లోంచి మాకూ సోకుతుంది కాబట్టి సేఫ్టీ క్యాబినెట్ బయట ఆ ప్లేటు మూత తీయం. గుండెకు పట్టడం అరుదే గానీ, పడితే ప్రాణం మీదికి వస్తుంది. గొర్రెలు ఈనేటప్పుడు మాయ, ఉమ్మనీటి నుంచి సోకే క్యూ జ్వరం క్రిమి అయితే మామూలు కల్చర్‌లో పెరగనే పెరగదు. ఎక్కువగా యాంటీబాడీ పరీక్షలోనే దొరుకుతుంది. మా అత్త ప్రతి ఈతకూ పిల్లను చేతుల్లోకి అందుకునే మనిషి.

డాక్టరు చీటీ చూసి, గొంతులోంచి ట్యూబు వేసే ఎకో చేయించారు. మామూలు ఎకోకు అందని చిన్న గడ్డ వాల్వు మీద కనిపించింది. యాంటీబాడీ పరీక్షలు నెగటివ్. ఏ క్రిమో తేలకుండానే రకరకాల మందులు కలిపి ఆరు వారాలు నరానికి ఎక్కించారు. అత్త కోలుకుంది. కానీ ఊళ్లో ఆ మొదటి ఇంజెక్షన్‌కు ముందు రక్తం తీసి ఉంటే క్రిమి పేరు దొరికేదేమో, దానికి సరిపడా మందే పడేదేమో అన్న బాధ నాకు పోలేదు.